వేళ్ళలో దాగిన దొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి నేలలో దాగిన దొంగను పట్టేదెవరు? ఆ దొంగ కంటికి కనిపించడు. చప్పుడు చెయ్యడు. ఆకు మీద వాలే పురుగైతే రైతు చూస్తాడు, తరుముతాడు. మట్టిలో ఉండి వేరును దోచుకునేవాడి సంగతి పంట చేజారినదాకా తెలియదు.

అనంతపురం సీమ అనగానే మనకు కరువు గుర్తుకు వస్తుంది. పడమటి కనుమల చాటున ఉండటంచేత నైరుతి వానలు ఆ గడ్డకు సరిగా అందవు. సముద్రం దూరం కావడంచేత ఈశాన్యపు వానలూ అంతంతమాత్రమే. ఏడాది మొత్తంమీద పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కదిరికి చేరువనున్న నల్లమాడ ఈ సీమలోనిదే. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. పేరు నల్లమాడ అయినా చుట్టూ ఎక్కువగా కనిపించేవి ఎర్రనేలలే. వేరుశనగ ఆ నేలకు తరతరాల పంట. బోరులో నాలుగు చుక్కలు పడినవారు టమాటా, చీనీ, దానిమ్మ వైపు మళ్ళారు. మన కోస్తావారు బత్తాయి అనే పండునే అక్కడ చీనీ అంటారు.

సంతోషించిన బుడిపెలు

ఆ వైపు ఒక టమాటా తోట గట్టున నిలబడినప్పుడు నేను విన్న మాటలు ఇవి. తోట యజమాని పడుచువాడు. తాతలనాటి వేరుశనగ మాని ఆ ఏడే టమాటా పెట్టాడు. మొక్కలు మధ్యాహ్నానికి తలవాల్చి సాయంత్రానికి తేరుకుంటున్నాయి. నీళ్ళు చాలలేదనుకుని అతడు మోటారు మరొక గంట ఆడించాడు. అయినా గుణం లేదు. చివరికి ఒక మొక్కను పీకి చూశాడు. వేళ్ళనిండా బుడిపెలు!

"చూడు మామా, వేరుశనగకు వచ్చినట్టే వచ్చినాయి. నేల బలంగానే ఉండాది," అన్నాడు.

పక్క పొలం పెద్దాయన ఆ వేరు చేతికి తీసుకున్నాడు. "వేరుశనగ బుడిపె గోటితో గీరితే ఊడొస్తాదప్పా. ఇది ఊడొస్తాదేమో చూడు," అన్నాడు.

ఊడిరాలేదు. గట్టిగా లాగితే వేరే తెగింది.

పాఠకులు గుర్తుంచుకోవలసిన తేడా ఇదే. వేరుశనగ వేరుకు అంటుకుని ఉండే చిన్న బుడిపెలలో గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే మేలైన సూక్ష్మజీవులు కాపురముంటాయి. చితిపితే లోపల గులాబిరంగు కనిపిస్తుంది. అవి నేలకు వరం. టమాటా వేరు మీదివి వేరుకు అంటుకున్నవి కావు. వేరే వాచిపోయి అలా తయారైంది. ఆ వాపును కలిగించినది నులిపురుగు.

అన్నపుగిన్నెలు

పొట్టలో పడే నులిపురుగు మనకందరకూ తెలిసినదే. దాని జ్ఞాతులే ఇవి. గుడ్డునుంచి వెలువడి వేరును వెదుక్కుంటూ వచ్చే పిల్ల పొడవు అరమిల్లీమీటరు కూడా ఉండదు. సన్నని వేరుకొనలో దూరి, అక్కడి కణాలు కొన్నింటిని మామూలుకంటె ఎన్నోరెట్లు పెద్దవిగా ఉబ్బేటట్లు చేస్తుంది. అవే దానికి అన్నపుగిన్నెలు. ఇక కదలవలసిన అవసరం లేదు. కూర్చున్నచోటనే తిని, పియర్ పండు ఆకారంలో బలిసి, జిగురుసంచిలో మూడు నాలుగు వందల గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే నెలరోజులలో ఒక తరం పూర్తి అవుతుంది. ఒక టమాటా పంటకాలంలో ఎన్ని తరాలు గడుస్తాయో లెక్క వేసుకోండి!

ఈ పురుగు మనకు కొత్త కాదు. 1855లో ఇంగ్లండులో బెర్క్లీ అనే శాస్త్రజ్ఞుడు అద్దాలగదిలో పెంచిన దోసవేళ్ళ మీద దీనిని గుర్తించాడు. మన దేశంలో 1901లో బార్బర్ దక్షిణాది తేయాకు తోటలో చూశాడు. చీనీ, నిమ్మ జాతుల వేళ్ళను పట్టే మరొక రకానికి 1913లో అమెరికాలో కాబ్ పేరు పెట్టాడు. అది చెట్టును ఒక్కసారిగా చంపదు. ఏడాదికేడాది కొమ్మలు చివరలనుంచి ఎండుతాయి, ఆకు చిన్నదవుతుంది, కాయ సన్నబడుతుంది. "తోట ముసలిదైంది," అని రైతు సరిపెట్టుకుంటాడు.

మన తెలుగుదేశపు పేరే పెట్టుకున్న నులిపురుగు జబ్బు కూడా ఒకటున్నది. 1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతపు వేరుశనగలో కాయలు చిన్నవై, పెంకు గోధుమనలుపు మచ్చలతో రావడం మొదలైంది. నేలలోని ఒక నులిపురుగు దానికి కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఊరి పేరుతోనే దానిని కాళహస్తి తెగులు అంటున్నారు.

దొంగకు తోడుదొంగలు

నులిపురుగు ఒంటరిగా వచ్చినా పోయేటప్పుడు తలుపు తెరిచి పోతుంది. అది చేసిన గాయంగుండా ఎండు తెగులు కలిగించే శిలీంధ్రాలు వేరులో ప్రవేశిస్తాయి. దానిమ్మతోటలో ఒక కొమ్మ పసుపురంగుకు తిరిగి, ఆ తరువాత చెట్టంతా నిలువునా ఎండిపోవడం ఇటువంటి తెగులు పనే.

వేరుశనగకు నేలలోనుంచి వచ్చే శత్రువులు వేరే ఉన్నారు. మొలక దశలో మొదలు నల్లబడి కుళ్ళుతుంది. ఎదిగిన మొక్క మొదట తెల్లని బూజు పట్టి, ఆవగింజలవంటి గుళ్ళు ఏర్పడతాయి. ఆ గుళ్ళు మట్టిలో ఏళ్ళతరబడి బ్రతికి ఉంటాయి. ఇక మరొక శత్రువు పొలంతో ఆగక మన వంటింటిదాకా వస్తుంది. పంట చివరి రోజులలో వాన ముఖం చాటువేస్తే కాయలో ఒక బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు హఠాత్తుగా చనిపోయాయి. విచారించగా, వాటికి మేపిన వేరుశనగ పిండిలో ఈ విషం ఉన్నదని తేలింది. ఇది కాలేయానికి హానిచేస్తుంది. వేయించినంతమాత్రాన పూర్తిగా పోదు. కనుక పచ్చడికి పప్పులు ఏరే ఇల్లాలు ముడుచుకున్నవాటిని, రంగు మారినవాటిని, బూజుపట్టినవాటిని నిర్దాక్షిణ్యంగా పారవేయడమే మంచిది.

నీటిచుక్క విలువ

కరువుసీమలో ఈ దొంగతనం ఎందుకింత బాధాకరమో ఆలోచించండి. వందల అడుగుల లోతునుంచి అప్పుచేసి తోడిన నీరు మొక్క మొదట పడుతుంది. బుడిపెలు పట్టిన వేరు దానిని పీల్చలేదు. మొక్క వాడుతుంది. వాడినది చూసి రైతు మరికొంత నీరు పెడతాడు. ఇలా నీరూ పోతుంది, పంటా దక్కదు.

దీనిలో మరొక చిత్రమున్నది. వర్షాధారపు పొలం వేసవి అంతా ఎండి బీటలు వారేది. ఆ ఎండే పురుగులను చాలావరకు మాడ్చేది. బిందుసేద్యంతో చెట్టు మొదట ఏడాది పొడుగునా తడి నిలిచేసరికి పురుగుకు కరువన్నదే లేకుండా పోయింది. అంతమాత్రాన బిందుసేద్యం తప్పనలేము. ఎండ చేసే పనిని ఇప్పుడు మనిషి పూనుకుని చెయ్యాలి.

మందులేనా మార్గం?

ఒకప్పుడు అందరూ మందునే నమ్ముకున్నారు. 1943లో హవాయి దీవుల అనాసతోటలలో నేలలోకి విషవాయువును పంపి పురుగును చంపడం నేర్చారు. తరువాత డి.బి.సి.పి. అనే మందు ఎన్నో దేశాలకు వ్యాపించింది. 1977లో అమెరికాలో దానిని తయారుచేసే పనివారికి సంతానం కలగడం లేదని బయటపడింది. పురుగును చంపబోయి వంశాన్నే పోగొట్టుకోవడమంటే ఇదే!

తెగులును తట్టుకునే రకాలు మంచి ఉపాయమే. కాళహస్తి తెగులుకు తిరుపతి పరిశోధన కేంద్రం తిరుపతి-3 వంటి రకాలను ఇచ్చింది. చీనీకి రంగపూరు నిమ్మమీద కట్టిన అంట్లు మేలని మన తోటల నిపుణులు చెబుతారు. టమాటాకు అడవిజాతినుంచి తెచ్చిన గుణం ఒకటున్నది. కాని నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఆ గుణం సడలిపోతుంది. అనంతపురం ఎండలో దానినే నమ్ముకుని కూర్చోవడానికి వీలులేదు.

ఎండనే ఆయుధంగా

ఆ ఎండనే మనకు నౌకరుగా పెట్టుకోవచ్చు. 1976లో ఇజ్రాయెలుకు చెందిన కటాన్ బృందం లోకానికి చెప్పిన పద్ధతి ఇది. వేసవిలో నారుమడిని చదునుచేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలివేయాలి. లోపలి వేడికి పురుగులు, శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. ఏప్రిల్, మే నెలలలో ఆ సీమలో ఎండకు కొదవలేదు గదా!

పొలం మొత్తానికి కాగితం కప్పలేము. అక్కడ వేసవి దుక్కులు లోతుగా, విరామమిచ్చి రెండు మూడుసార్లు దున్నాలి. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల చివికిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పదిరోజులు ఉంచితే మేలుచేసే ఆ శిలీంధ్రం ఎరువంతా అల్లుకుంటుంది. ఎకరానికి అది చల్లుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ టమాటా, వంకాయ పెట్టకుండా జొన్న, సజ్జలతో పంట మార్చాలి. బంతి కూడా మంచి కాపలాదారు. దాని వేళ్ళలోని పదార్థం కొన్ని రకాల నులిపురుగులకు గిట్టదు. పండుగకు పూలు, పొలానికి రక్షణ!

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. దొంగ తనంతట తాను మీటరు దూరమైనా నడవలేడు. మనమే బండెక్కించి తెస్తాము. నర్సరీనుంచి తెచ్చే మొక్కల సంచిమట్టిలోనే సాధారణంగా అతడు వస్తాడు. కనుక దానిమ్మ మొక్కలు కొనేముందు ఒకటి రెండు సంచులు చింపి, వేళ్ళు కడిగి చూడవలె. బుడిపె కనిపిస్తే ఎంత చవక అయినా వద్దు. పెరట్లో వంగమొక్క పెంచుకునే పట్టణపు గృహిణులకూ ఇదే మాట.

ఆ టమాటా తోట పడుచువాడు ఏమిచేశాడని అడుగుతారు కాబోలు. మోటారు కట్టేసి, ఆ తెగిన వేరును సంచిలో వేసుకుని పరిశోధన కేంద్రానికి బయలుదేరాడు. నులిపురుగులలో వేరుశనగను ముట్టని రకమున్నది, వేరుశనగకు హానిచేసే రకాలూ ఉన్నాయి. తన పొలంలోనిది ఏదో తెలిస్తేగాని వచ్చే ఏడు తాతలనాటి పంటకు తిరిగిపోవడం మేలో కాదో తేలదు.

పెద్దాయన వెనుకనుంచి కేకవేశాడు. "మట్టి కూడా ఎత్తుకోప్పా, వేరొక్కటే చాలదు!"