నిద్ర పుస్తకము: నిద్రలో శ్వాస నిలుచు వ్యాధిని గుర్తించుటకు సాధనము

గురక పెట్టువానిని కుంభకర్ణుడని మన యిండ్లలో పరిహాసము చేయుదురు. గురక గాఢనిద్రకు గుర్తని పెక్కుమంది నమ్మకము. ఈ నమ్మకము సరియైనది కాదు. గురకతోబాటు నిద్రలో మాటిమాటికి ఊపిరి నిలిచిపోవుచుండినచో అది వ్యాధిలక్షణము. దీనికి వైద్యులు స్లీప్ ఆప్నియా యని పేరిడిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రచురించిన సమీక్షను బట్టి మన దేశమున వయోజనులలో నూటికి సుమారు 11 మందికి ఈ వ్యాధి కలదని అంచనా. వీరిలో అనేకులకు తమకు వ్యాధి యున్నట్లే తెలియదు.

వ్యాధి స్వరూపము

మేలుకొనియున్నపుడు గొంతులోని కండరములు గాలిదారిని తెరచియుంచును. నిద్రలో నవి సడలును. కొందరిలో సడలిన మెత్తని భాగములును, నాలుక మొదలును వెనుకకు జారి దారిని మూసివేయును. రొమ్ము, పొట్ట గాలికై యత్నించుచునే యుండును. గాలి మాత్రము లోనికి పోదు. రక్తమున ప్రాణవాయువు తగ్గును. అంతట మెదడు నిద్రను క్షణకాలము చెదరగొట్టును. దారి తెరచుకొని, పెద్ద శబ్దముతో శ్వాస మరల సాగును.

శ్వాస 10 సెకండ్లు లేక అంతకు మించి నిలిచినను, బాగుగా తగ్గినను వైద్యులు లెక్కకు తీసికొందురు. గంటకు ఇట్టివి 5 కంటె తక్కువయైనచో సాధారణము. 30 లేక అంతకు మించినచో వ్యాధి తీవ్రము. రాత్రి ఇన్ని పర్యాయములు నిద్ర చెదరినను ఉదయమున రోగికి ఏమియు జ్ఞాపకముండదు. చికిత్స లేనిచో రక్తపోటు పెరుగును. గుండెజబ్బులకును, పక్షవాతమునకును అవకాశము హెచ్చును.

ఇద్దరు వ్రాయవలసిన పుస్తకము

రోగికి తెలియని దానిని అదే గదిలో పరుండువారు చూడగలరు. వారికి తెలియని పగటి మగతను రోగి చెప్పగలడు. కావున నిద్ర పుస్తకమును ఇద్దరును వ్రాయుట మేలు. సామాన్యమైన రూళ్ల నోటుపుస్తకము చాలును. ప్రతి పుటను రెండుగా విభజించి, రెండు వారములు విడువక వ్రాయవలెను.

రోగి ఉదయము లేచిన వెంటనే తన భాగమును పూరింపవలెను. రాత్రి గడియారము చూచుచుండ నక్కరలేదు. సుమారు వేళలు చాలును. పగటి కునుకులను, త్రాగిన కాఫీ, టీలను, మద్యమును, వాడిన మందులను సాయంకాలమున చేర్చవలెను. రెండవవారు రాత్రియంతయు మేలుకొని తమ ఆరోగ్యమును చెరుపుకొనరాదు. వారమునకు రెండు రాత్రులు, రోగి నిద్రించిన పిదప ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, అరగంట చొప్పున గమనించిన చాలును. ఒంటరిగా నుండువారు తమ ఫోనులో రాత్రి శబ్దమును రికార్డు చేసికొనవచ్చును.

ఒక దినపు వ్రాత ఇట్లుండవచ్చును. రోగి: "10 గంటలకు పడక. మూత్రమునకు 2 సార్లు లేచితిని. 6 గంటలకు మేలుకొంటిని. నోరెండినది, తలనొప్పి. 11 గంటలకు ఆఫీసులో కునుకు. సాయంత్రము బస్సులో మరల కునుకు." భార్య: "వెల్లకిల పరుండిరి. గురక హఠాత్తుగా ఆగినది, ఊపిరి లేదు. పిదప ఉలికిపడి గాలి పీల్చిరి. అరగంటలో 6 సార్లు."

వ్రాసినదానిని చదువుట

మొదట నిద్ర గంటలను పగటి మగతతో పోల్చవలెను. వయోజనునకు రాత్రికి 7 గంటలైనను నిద్ర అవసరము. 5 గంటలే నిద్రించి పగలు తూలువానికి ముందుగా కావలసినది నిద్రయే. పై ఉదాహరణములోని వ్యక్తి 8 గంటలు పడకపై నుండియు ఉదయమే కునుకుచున్నాడు. ఇచట నిద్ర చెదరుచున్నదని అనుమానింపవలెను. పిదప ఒక రాత్రిని మరొక రాత్రితో పోల్చవలెను. మద్యము సేవించిన రాత్రులందును, వెల్లకిల పరుండిన రాత్రులందును శ్వాస నిలుచుట హెచ్చినచో వైద్యునికి అది విలువైన ఆధారము.

స్త్రీలలో పెద్ద గురక లేకయే అలసట, ఉదయపు తలనొప్పి, నిద్రపట్టమి మాత్రమే కనబడవచ్చును. ముట్లుడిగిన పిదప వారికిని ఈ వ్యాధి హెచ్చును. గురక లేదని ఉపేక్షింపరాదు.

పుస్తకము చేయలేనిది

ఈ పుస్తకము వ్యాధిని నిర్ధారింపజాలదు. రాత్రి నిద్రలో మెదడు తరంగములను, శ్వాసను, రొమ్ము కదలికను, రక్తములోని ప్రాణవాయువును యంత్రములతో కొలిచినగాని వ్యాధి నిశ్చయము కాదు. కొందరికి సరళమైన పరీక్షను ఇంటియొద్దనే చేయుదురు. ఎవరికి ఏ పరీక్ష అవసరమో తేల్చుటకు పుస్తకము వైద్యునికి తోడ్పడును. సలహా లేక నిద్రమాత్రలు వాడరాదు. కొన్ని మాత్రలు గొంతు కండరములను మరింత సడలించును.

చికిత్స కలదు. బరువు తగ్గుట, మద్యము మానుట, ప్రక్కకు తిరిగి పరుండుట కొందరికి మేలు చేయును. ముక్కుపై అమర్చిన తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారిని తెరచియుంచు పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్, ఆయన సహచరులు ప్రకటించిరి. తీవ్రవ్యాధికి నేటికిని అదియే ముఖ్యచికిత్స.

లారీ, బస్సు, ఆటో నడుపువారు ఈ విషయమున మరింత జాగరూకులు కావలెను. నిద్ర సుఖమెరుగదను సామెత చక్రము పట్టినవానికిని వర్తించును. కనురెప్ప వాలుటకు ఒక్క క్షణము చాలును. పుస్తకమున పగటి కునుకులు కనబడినచో రెండు వారములు నిండువరకు వేచియుండక, వాహనము నడుపుట మాని వెంటనే వైద్యుని దర్శింపవలెను. వెళ్లునపుడు పుస్తకమును, వీలైనచో దానిలో రెండవ భాగము వ్రాసినవారిని వెంటగొని పోవలెను.