చెవికొక మాట

చూపులేని ఉపాధ్యాయులొకరు కంప్యూటరు ముందు కూర్చుండి చరిత్ర పాఠము చెప్పవలసియున్నది. విద్యార్థులు వినవలసినది గాంధీమహాత్ముని కంఠస్వరము. ఆయన వినవలసినది తెరమీది అక్షరములను చదివి వినిపించు యంత్రకంఠము. ఈ రెండును ఒకే స్పీకరునుండి వెలువడినచో పాఠము సంతగోలయగును. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఆయన తెరచిన మార్కుల పట్టిక, ఆయనకు వచ్చిన సొంత ఉత్తరము, సమస్తమును తరగతి యంతయు వినును.

గొంతులను విడదీయుట ఎట్లు? కంప్యూటరులో ధ్వని యనగా సంఖ్యల వరుస. సీ.డీ. సంగీతమున ఒక్కొక్క చానెలుకు సెకనుకు 44,100 సంఖ్యలుండును. వేరువేరు ప్రోగ్రాములు పంపు సంఖ్యలను ఒక మధ్యవర్తి అందుకొని, వానిని కూడి, వచ్చిన మొత్తమును ధ్వనిపరికరమునకు అందించును. శబ్దములను కలుపుట యనగా నిజముగా కూడికయే. మూడవ తరగతి పిల్లవానికిని తెలిసిన లెక్క. ఆ మధ్యవర్తి పరికరమునకొక మొత్తము చొప్పున విడివిడిగా కూడినచో ఒక గొంతు మరియొకదానితో కలియదు.

ఇంత తేలికయైన పనికి చాలకాలము పట్టినది. 2007లో వచ్చిన విండోస్ విస్టా ఒక్కొక్క ప్రోగ్రాము ధ్వనిని విడిగా హెచ్చించుటకు, తగ్గించుటకు వీలు కల్పించెను. ఏ ప్రోగ్రాము ఏ పరికరమునకు పోవలెనో సెట్టింగులలోనే నిర్ణయించు సౌకర్యము విండోస్ 10కు 2018 ఏప్రిల్ మార్పుతో గాని లభింపలేదు. లినక్సులో పల్స్‌ఆడియో అను మధ్యవర్తి ఈ పనిని అంతకు పూర్వమే చేయుచుండెను. 2021లో ఫెడోరా 34 ఆ స్థానమున పైప్‌వైరును నిలిపెను.

చూపులేనివారు మాత్రము అంతవరకు వేచియుండలేదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, తానును చూపులేనివాడే, ఎన్.వి.డి.ఎ. అను పఠనసాధనమును నిర్మింప నారంభించెను. వెలలేని ఈ సాధనము తెలుగును గూడ చదువును. (ఉచ్చారణలో మాధుర్యమును వెదుకరాదు, అర్థమగును, అది చాలును.) తన పలుకు ఏ పరికరమునకు పోవలెనో ఎన్నుకొను ఏర్పాటు దానిలోనే కలదు.

ఆచరణలో మొదటి ఆటంకము మిక్కిలి చిన్నది. పెక్కు కంప్యూటర్లలో హెడ్‌ఫోను తగిలించిన వెంటనే స్పీకరు మూగవోవును. యంత్రమునకు ఆ రెండును ఒకే పరికరము. బొటనవ్రేలంత యు.ఎస్.బి. ధ్వనిపరికరమొకటి చేర్చినచో యంత్రము రెండింటిని గుర్తించును. కొన్ని ప్రోగ్రాములను మూసి మరల తెరచిన గాని క్రొత్త దారి పట్టవు. ఒకే బ్రౌజరులో తెరచిన రెండు పుటలను విండోస్ సాధారణముగా ఒకే ప్రోగ్రాముగా లెక్కించును గనుక, పాఠమునకొక బ్రౌజరు, సొంత పనులకు వేరొకటి యుంచుకొనుట మేలు.

బ్లూటూత్ హెడ్‌ఫోనులో పలుకు కొంత ఆలస్యముగా వినవచ్చును. సంగీతమునకది బాధింపదు గాని, మీట నొక్కిన తక్షణమే అక్షరము వినవలసినవానికి బాధించును. ఆ ఉపాధ్యాయునకు తీగ గల హెడ్‌ఫోనే తగినది. దానిని ఒక చెవికే తగిలించుకొనినచో రెండవ చెవి విద్యార్థుల ప్రశ్నలకు మిగులును.