మీ సైన్స్ ఫిక్షన్ పాత్ర చేతిలో ఏముంది? ఆయుధాలు, ప్రాప్స్ డిజైన్

పోయిన ఎపిసోడ్‌లో మన పాత్రకి బట్టలు డిజైన్ చేశాం కదా. ఈరోజు ఆ పాత్ర చేతికి ఏమివ్వాలి, నడుముకి ఏం కట్టాలి అనేది చూద్దాం.

మీరు పంపిన స్కెచ్‌లు చూశానండి. గీయడం బాగా గీశారు, అందులో డౌటే లేదు. కానీ చాలా స్కెచ్‌లలో ఒకటే తుపాకీ కనిపిస్తోంది. మనిషంత పొడవు, మీద నీలం లైట్లు, పక్కన నాలుగు గొట్టాలు. ఏంటిది అంటే ప్లాస్మా గన్. సరే, దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతాడు? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? పడుకునేటప్పుడు ఎక్కడ పెట్టుకుంటాడు? వీటికి జవాబు లేకపోతే ఆ గన్ ఎవరి చేతిలో పెట్టినా ఒకటే. మీ పాత్రది అనిపించదు.

స్టార్ వార్స్ మొదటి సినిమా సంగతి చూడండి. 1977లో వచ్చింది. లూక్ చేతిలోని లైట్‌సేబర్ పిడి అసలు ఏంటో తెలుసా? పాత ప్రెస్ కెమెరాలకి పక్కన తగిలించే గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ హ్యాండిల్. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక కెమెరా షాపులో అది పట్టుకుని, దానికి నల్ల ప్లాస్టిక్ పట్టీలు అతికించాడు. హాన్ సోలో బ్లాస్టర్ లోపల ఉన్నది జర్మన్ మౌజర్ పిస్టల్. తెల్ల కవచాల సైనికులవి బ్రిటిష్ స్టెర్లింగ్ గన్లు. బడ్జెట్ తక్కువ కాబట్టే ఈ దారి పట్టారు, నిజమే. కానీ లాభం ఏమైందంటే, ఆ వస్తువుల్లో బరువుంది, స్క్రూలున్నాయి, చెయ్యి పట్టే చోటుంది. ఎవరో ఇంజనీర్ నిజమైన పనికోసం ఆలోచించి చేసినవి కదా. ఆ పని వాసన తెర మీద కూడా తెలిసిపోతుంది. ఆ సినిమాకి ఆర్ట్ డైరెక్షన్ ఆస్కార్ వచ్చినప్పుడు దాన్ని పంచుకున్నవాళ్లలో ఈ క్రిస్టియన్ కూడా ఉన్నాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1966లో స్టార్ ట్రెక్ వాళ్లు ఒక ఎపిసోడ్ కోసం కొత్త కొత్త ఆకారాల్లో ఉప్పు డబ్బాలు కొన్నారు. తీరా చూస్తే అవి ఎంత వింతగా ఉన్నాయంటే, ప్రేక్షకుడికి అది ఉప్పు డబ్బా అని అర్థమే కాదు! చివరికి సీన్‌లో మామూలు ఉప్పు డబ్బానే పెట్టి, ఆ వింతవాటిని డాక్టర్ మెకాయ్ వైద్య పరికరాలుగా వాడేశారు. వస్తువు కొత్తగా ఉండాలి, కానీ దేనికో చూడగానే తెలియాలి. ఈ రెండిటి మధ్యే మన పనంతా.

ఇప్పుడు మన సొంత పాత్రని తీసుకుందాం. పేరు తార. వయసు నలభై. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు గనిలో డ్రిల్ మెకానిక్. అక్కడే ఎందుకంటే, చంద్రుడి మీద నీటి జాడ ఉందని చంద్రయాన్-1 పరికరాలే చూపించాయి, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది కూడా దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గర్లోనే. మనవాళ్లకి కాస్త దగ్గరి చోటు. కథలో నీళ్లు దొంగిలించే ముఠా ఒకటి ఉంది. తార సైనికురాలు కాదు, ఆమెకి గన్ ఎవరిస్తారు? మరి చేతికి ఏం దొరుకుతుంది?

గడ్డపార. నవ్వకండి, చెప్తాను.

ఆ గోతుల్లో ఎండ ఎప్పుడూ పడదు. చలి మైనస్ 200 డిగ్రీల కంటే కిందకి పోతుంది. మన ఊళ్లో గడ్డపార తీసుకెళ్తే ఆ ఇనుము పెళుసై, గట్టి దెబ్బకి విరిగే ప్రమాదం ఉంది. అందుకని తార గడ్డపార టైటానియంది. గాలి నింపిన గ్లోవ్‌లో పిడికిలి బిగించడమే పెద్ద కష్టం. అపోలో వ్యోమగాములకి వేళ్లు నొప్పులు పుట్టేవి. కాబట్టి పట్టుకునే చోటు లావుగా ఉండాలి. జారితే పోకుండా మణికట్టుకి తాడు. లైట్ పడితే దొరకాలి కాబట్టి రంగు పసుపో, నారింజో. చూశారా, ఇంకా పెన్సిల్ పట్టుకోలేదు, సగం డిజైన్ అయిపోయింది.

అసలు మజా ఇక్కడుంది. చంద్రుడి మీద బరువు ఆరో వంతే, కానీ ద్రవ్యరాశి తగ్గదు. గడ్డపార ఎత్తడం తేలిక, ఊపడం మొదలుపెట్టాక ఆపడం మాత్రం కష్టం. కాళ్లకి నేల పట్టు తక్కువ కాబట్టి గట్టిగా తిప్పితే తారే గిర్రున తిరిగిపోతుంది. అందుకే కొట్టేముందు ఆమె నడుముకున్న కొక్కేన్ని గోడకి తగిలించుకోవాలి. దానికి మూడు సెకన్లు పడుతుందనుకోండి. శత్రువు ఎదురుగా ఉన్నాడు, ఆ మూడు సెకన్లలో మీ కథంతా ఉంది. గాలి లేదు కాబట్టి దెబ్బ చప్పుడు కూడా వినపడదు, చేతికి అదురు మాత్రం తెలుస్తుంది. నా దృష్టిలో ఆయుధానికి బలం కంటే బలహీనత ముందు రాసుకోవాలండి.

ఇక చిన్న ప్రాప్స్. 1972లో అపోలో 17లో జీన్ సెర్నన్ జేబులోని సుత్తి తగిలి రోవర్ మడ్‌గార్డ్ విరిగింది. చక్రం లేపే దుమ్మంతా మీద పడుతుంటే, నాలుగు మ్యాపులు టేపుతో అతికించి, క్లాంపులతో బిగించి కొత్తది చేసుకున్నారు. నిజమైన అంతరిక్షం ఇలాగే ఉంటుంది! తార టూల్ పెట్టెకి కూడా ఒక రిపేరు మచ్చ పెట్టండి. అపోలో వాళ్ల ముంజేతికి చిన్న చెక్‌లిస్ట్ పుస్తకం ఉండేది. అపోలో 12లో బ్యాకప్ బృందం అందులో చెప్పకుండా కార్టూన్లు గీసి పెట్టింది. తార పుస్తకంలో ఎవరు గీశారు? కూతురా, చనిపోయిన తోటి మెకానికా? ఒక్క పేజీ చాలు.

తయారీ త్వరగా చెప్పేస్తా. లోపల పీవీసీ పైపు, పైన జిమ్ మ్యాట్‌ల ఈవీఏ ఫోమ్. బ్లేడు కొత్తదై ఉండాలి. కాంటాక్ట్ గమ్ రెండు వైపులా పూసి, వేలికి అంటకుండా ఆరాక అతికించండి. ఒకసారి అంటుకుంటే మళ్లీ సర్దడం కుదరదు. కిటికీలు తెరిచి పని చేయండి, ఫోమ్ అరగదీసేటప్పుడు మాస్క్ తప్పదు. రంగు వేసేముందు హీట్ గన్‌తో పైన ఒకసారి వేడి తగిలిస్తే ఫోమ్ రంధ్రాలు మూసుకుంటాయి. టైటానియం వేడెక్కితే బంగారు, నీలం ఛాయలు వస్తాయి కాబట్టి మొన దగ్గర ఆ రెండూ పల్చగా రుద్దండి. చెయ్యి పట్టేచోట రంగు అరిగిపోవాలి, మూలల్లో బూడిద రంగు దుమ్ము ఉండాలి. అన్నిచోట్లా ఒకేలా మురికి పూస్తే అబద్ధమని తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఇది సీరియస్‌గా వినండి. గన్ ఆకారం చేసేవాళ్లు అది నిజం గన్‌లా కనిపించకుండా చూసుకోండి. అమెరికాలో బొమ్మ తుపాకుల మూతికి ఆరెంజ్ గుర్తు ఉండాలని చట్టమే ఉంది. 2014లో క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల టమీర్ రైస్ చేతిలో ఉన్నది ఆ గుర్తు లేని బొమ్మ పిస్టల్. నిజమైనదనుకుని పోలీసు కాల్చాడు, పిల్లాడు చనిపోయాడు. అక్కడున్న మన తెలుగు పిల్లలు కూడా హాలోవీన్‌కి, కాన్‌లకి ఇవి చేస్తుంటారు కదా. ఇక్కడైనా సరే, బస్సులో, మెట్రోలో చేత్తో ఊపుకుంటూ వెళ్లకండి, సంచిలో పెట్టుకుని వెళ్లి లోపల తీయండి. ఈవెంట్ ప్రాప్ రూల్స్ ముందే చదువుకోండి, లోహం, పదునైన మొనలు సాధారణంగా ఒప్పుకోరు. మన గడ్డపారకి ఫోమ్ మొన పెట్టింది అందుకే.

తార గడ్డపార కొలతలు గీసిన షీట్ కింద పెడుతున్నాను. వచ్చే ఎపిసోడ్‌లో హెల్మెట్ చేద్దాం. గ్లాస్ మీద ఆవిరి పట్టకుండా ఏం చేయాలో అందులో చూపిస్తాను. ఉంటానండి.