ఒంగోలు గిత్తకు పందెం ఒక్కటే చాలదు, పొలంలో పని కావాలి



వీడియోలో మీరు చూస్తున్న జత చెవిటికల్లు పొలాల్లోది. పత్తి సాళ్ళ మధ్య గుంటక తోలుతున్నారు. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, తెల్లటి ఒళ్ళు. చూడగానే తెలిసిపోతుంది, ఒంగోలు జాతి అని.

"ట్రాక్టర్లు వచ్చాయి కదండీ, ఇవి ఎందుకు?" అని అడిగాను.

"పత్తి గుబురుకున్నాక ట్రాక్టర్ లోపలికి ఎట్టా పోద్దండీ? మొక్క విరిగిపోద్ది. ఎడ్లయితే సాలు తప్పవు, చెప్పిన మాట వింటయ్" అన్నారు ఆ రైతు.

ఈ జాతి మన దగ్గర నుంచే 19వ శతాబ్దంలో బ్రెజిల్ వెళ్ళింది. నెల్లూరు పేరు మీద అక్కడ 'నెలోర్' అయింది. వాళ్ళు మాంసం కోసం పెంచుకున్నారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు వేలంలో 40 లక్షల డాలర్ల పైనే విలువ కట్టారు. మన గిత్త గొప్పతనం మాత్రం బరువు లాగడంలో ఉంది. అది అక్కడ పెరగదు, ఇక్కడ మనమే నిలబెట్టుకోవాలి.

బండలాగుడు పందేలు ఉన్నాయి కదా అంటారు. నిజమే, పాలపళ్ళ నుంచి సీనియర్స్ దాకా పోటీలు జరుగుతున్నాయి, మంచి గిత్తలకు లక్షల్లో ధర పలుకుతోంది. కానీ ఉలవలు పెట్టి, మనిషిని పెట్టి పందెపు జతను మేపడం చిన్న రైతు వల్ల కాదు. గుంటూరు లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ప్రభుత్వ క్షేత్రాలు ఉన్నాయి. అవి మేలైన విత్తనం ఇస్తాయి గానీ ఊరూరా మందను పెంచలేవు.

ఇక మన సంగతి. జీవామృతం కోసం ఆవును పెంచుతున్నాం. 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ చాలు కాబట్టి ఒక్క ఆవుతో సరిపెడుతున్నాం. కోడెదూడ పుడితే మాత్రం మేపలేక సంతకు తోలుతున్నాం. ఆవు మిగిలి, అరక పోతే జాతి సగమే మిగిలినట్టు.

చేయగలిగినవి మూడు:

1. ఆవు ఎదకొచ్చినప్పుడు మేలైన ఒంగోలు విత్తనమే వేయించండి, సంకరం చేయకండి.

2. పత్తి, మిర్చి పశువుకు మేత ఇవ్వవు. కొంచెం చేలో జొన్న వేసి చొప్ప దాచుకోండి. కంది, మినుము పొట్టు పారేయకండి.

3. రెండు పళ్ళు వేసిన కోడెకు తేలిక పనితో కాడి అలవాటు చేయండి. ఒక్క కోడే ఉంటే పక్క రైతు కోడెతో జత కట్టి పొత్తున దున్నుకోండి. మన పెద్దలు చేసింది అదే.

మీ ఇంట కోడెదూడ ఉంటే ఈసారి సంతకు తోలే ముందు ఒక్కసారి ఆలోచించండి.