దల్మా సాల చెట్లు ఎక్కడివి?

వానలు పట్టిన కొద్ది వారాలకే జంషెడ్‌పూర్ సంతల్లోకి రుగ్డా దిగుతుంది. మట్టి అంటిన గుండ్రటి తెల్లటి ఉండలు, పెద్దవైతే గోలీలంత ఉంటాయి. ఊరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు బుట్టల్లో తెచ్చి కుప్పలు పోసి అమ్ముతారు. ధర వింటే మాంసమే చవక అనిపించే రోజులుంటాయి. శ్రావణంలో మాంసం మానేసిన ఇళ్లలో మసాలా వేసి వండుకునేది దీన్నే. ఇది పుట్టగొడుగుల కోవకు చెందినదే, కానీ గొడుగు విప్పదు. నేలలోనే ఉండ కడుతుంది. లేతగా ఉన్నప్పుడు కోస్తే లోపల తెల్లగా, మెత్తగా ఉంటుంది. ముదిరేకొద్దీ నల్లబడి పొడి అయిపోతుంది.

రుగ్డాను పెరట్లో పండించుకోలేరు. అది సాల చెట్ల కింద దొరుకుతుంది. జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ ఒడ్డున నిలబడితే అవతల కనిపించే దల్మా కొండల్లో ఉన్నదీ ఆ చెట్టే. నైరుతి దిక్కున సారండా అడవి నిండా ఉన్నదీ అదే. శాస్త్రీయ నామం షోరియా రోబస్టా. ఈ చెట్టు ఇక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లకు దొరికిన ఆధారాల్లో ఒకటి రుగ్డా లాంటి శిలీంధ్రాలతో దానికున్న పొత్తు.

ఆ పొత్తు ఇలా నడుస్తుంది. సన్నటి సాల వేళ్ల కొసల చుట్టూ శిలీంధ్రం తన దారాలతో తొడుగు అల్లుతుంది. ఆ దారాలు మట్టిలోకి దూరంగా పాకి నీటినీ భాస్వరాన్నీ చెట్టుకు అందిస్తాయి. చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత వాటికి ఇస్తుంది. వేరును బయటి నుంచి కప్పే ఈ రకం పొత్తు చల్లని దేశాల పైన్, ఓక్ అడవుల్లో మామూలే. ఉష్ణమండలపు చెట్లలో మాత్రం అరుదు. సాల చెట్టు బంధువర్గమైన డిప్టెరోకార్ప్ కుటుంబం ఆ అరుదైన వాటిలో ముఖ్యమైనది.

మడగాస్కర్‌లో సార్కోలీనేసీ అనే చెట్ల కుటుంబం ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేదు. డిప్టెరోకార్ప్‌లకు అది దగ్గరి చుట్టం. దాని వేళ్ల మీదా ఇదే తరహా తొడుగు ఉందని 2004లో తేలింది. భారత భూభాగం మడగాస్కర్ నుంచి విడిపోయి సుమారు 8.8 కోట్ల ఏళ్లు. కాబట్టి ఆ విడిపోవడానికి ముందే ఈ రెండు కుటుంబాల ఉమ్మడి పూర్వీకుడు శిలీంధ్రంతో పొత్తు కుదుర్చుకున్నాడని ఆ పరిశోధకులు వాదించారు. అంటే సంతలో కుప్ప పోసిన ఆ ఉండల వెనక రాక్షసబల్లుల కాలం నాటి ఒప్పందం ఉండొచ్చు.

డిప్టెరోకార్ప్‌లలో 500కు పైగా జాతులున్నాయి. వాటిలో అధిక భాగం ఆగ్నేయాసియాలోనే. బోర్నియో దీవిలోనే 250 దాటుతాయి. అక్కడి సబాలో ఈ కుటుంబపు చెట్టొకటి 100 మీటర్ల ఎత్తు దాటినట్టు 2019లో ప్రకటించారు. ఆఫ్రికాలో మాత్రం గడ్డి మైదానాల పొట్టి చెట్లే ఎక్కువ. దక్షిణ అమెరికాలో కొలంబియా అడవుల్లో ఒక జాతి ఉంది. ఈ లెక్క చూసి పుట్టిల్లు బోర్నియో అనుకోవడం సహజం. చాలాకాలం చాలామంది అలాగే అనుకున్నారు.

చిక్కంతా గింజ దగ్గర వస్తుంది. సాల కాయకు అయిదు రెక్కలు, మూడు పొడుగు, రెండు పొట్టి. జూన్ గాలికి గిరగిరా తిరుగుతూ రాలుతుంది. రెక్కలు చూసి ఎంతో దూరం పోతుందనుకుంటాం గానీ, చాలా కాయలు తల్లిచెట్టు దరిదాపుల్లోనే పడతాయి. పడ్డ గింజ వారం పది రోజుల్లో మొలకెత్తాలి, లేదా చచ్చిపోవాలి. ఎండబెట్టి దాచడానికి వీల్లేదు. పంజాబ్, హర్యానా పొలాల గట్ల మీద ప్లైవుడ్ కోసం పెంచే పాప్లర్‌ను దీని పక్కన పెట్టి చూడండి. పాప్లర్ గింజ కూడా ఎక్కువ రోజులు బతకదు. కానీ దూదిపింజెతో గాల్లో లేచి కిలోమీటర్లు పోగలదు. ఉత్తరార్ధగోళంలో అమెరికా, ఆసియా, యూరప్‌లు మూడింటా పాప్లర్లు పరుచుకున్నాయంటే అందులో ఆ పింజె పాత్ర కొంత ఉంది. సాల గింజకు ఆ సదుపాయం లేదు. ఉప్పునీటి మీద తేలి వెళ్లి మరో ఖండంలో మొలిచే శక్తీ లేదు. మరి ఆఫ్రికాలోనూ బోర్నియోలోనూ ఒకే కుటుంబం ఎలా ఉంది?

2022లో లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థకు చెందిన మహి బన్సల్, ఆమె సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఒక జవాబు ఇచ్చారు. వాళ్ల ఆధారం పుప్పొడి. చెట్టు చచ్చి మట్టయినా పుప్పొడి రేణువు పైపొర రాతిలో కోట్ల ఏళ్లు నిలుస్తుంది. సూడాన్‌లోనూ మన దేశంలోనూ దొరికిన శిలాజ పుప్పొడిని బతికున్న జాతుల జన్యు వంశవృక్షంతో కలిపి చదివితే, ఈ కుటుంబం సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట ఉష్ణమండల ఆఫ్రికాలో పుట్టిందని వచ్చింది. అక్కడి నుంచి భారత్‌కు చేరడం 7.2 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి వరకూ ఉన్న కాలంలోనూ, ఆ తర్వాత కొంతకాలమూ జరిగింది. అప్పటికి మన నేల ఒంటరి దీవిగా ఉత్తరానికి కదులుతోంది. ఆఫ్రికాకూ మనకూ మధ్య కొహిస్తాన్-లదాఖ్ అగ్నిపర్వత దీవుల వరుస ఉండేది. ఆ దీవులే మెట్లయ్యాయని వాళ్ల వాదన.

మడగాస్కర్ ఆధారం ‘విడిపోకముందే మనతో వచ్చింది’ అంటుంటే, పుప్పొడి ‘తర్వాత దీవుల మీదుగా వచ్చింది’ అంటోంది. నాకు పుప్పొడి వైపే మొగ్గు. వేరు మీది తొడుగు పాతదని చెప్పగలం గానీ, దాన్ని బట్టి చెట్టు ఏ దారిన వచ్చిందో తేల్చలేం. పుప్పొడికి మాత్రం చోటూ కాలమూ రెండూ ఉంటాయి. అయినా వారం రోజులు బతికే గింజ దీవి నుంచి దీవికి ఎలా గెంతిందన్న సందేహం నన్ను వదల్లేదు. తరాల తరబడి, చిన్న చిన్న దూరాలు దాటుతూ వచ్చి ఉండాలి.

ఈ చెట్లు ఇక్కడ పుష్కలంగా పెరిగాయనడానికి గుజరాత్ సాక్ష్యం ఇస్తుంది. సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో అయిదు కోట్ల ఏళ్ల నాటి గట్టిపడిన చెట్టు జిగురు దొరికింది. దాని రసాయన నిర్మాణం డిప్టెరోకార్ప్ జిగురుదే. 2010లో ప్రచురించిన పరిశోధనలో 150 కిలోల జిగురులో 700కు పైగా పురుగులు బయటపడ్డాయి. చీమలు, తేనెటీగలు, చెదలు చిక్కుకున్నవి చిక్కుకున్నట్టే ఉన్నాయి. గుగ్గిలం పేరుతో మనవాళ్లు ధూపం వేసే వాటిలో సాల జిగురు కూడా ఒకటి. పడవల సందులు పూడ్చడానికీ వాడేవారు. మన నేల ఆసియాను ఢీకొన్నాక, 4.9 నుంచి 4.1 కోట్ల ఏళ్ల కిందటి మధ్యకాలంలో, ఈ కుటుంబం తూర్పుకు సాగి ఆగ్నేయాసియాలో వందల జాతులుగా చీలింది.

మన దగ్గర తర్వాత తేమ తగ్గింది. ఎండాకాలం, వానాకాలం వేరుపడ్డాయి. నిత్యం తడి కావలసిన జాతులు పడమటి కనుమల్లోనూ ఈశాన్యంలోనూ మిగిలాయి. ఎండను ఓర్చుకున్న కొద్ది జాతుల్లో సాల ఒకటి. దాని ఓర్పు మొలకలోనే తెలుస్తుంది. జూన్‌లో మొలిచిన పిలక ఎండాకాలానికో కార్చిచ్చుకో ఎండిపోతుంది, పశువులు మేసేస్తాయి. కానీ వేరు చావదు. మళ్లీ వానకు చిగురిస్తుంది, మళ్లీ చస్తుంది. ఇలా ఏళ్ల తరబడి పైన జానెడు పుల్ల కూడా నిలవకపోయినా కింద వేరు లావెక్కుతూనే ఉంటుంది. తగినంత బలం చేరాక ఒక ఏడు కాండం వదిలితే ఇక వెనక్కి పోదు.

ఇప్పుడు సాల అడవులు రెండు పట్టీలుగా ఉన్నాయి. ఒకటి హిమాలయ పాదాల వెంట కాంగ్రా నుంచి అస్సాం దాకా. రెండోది ఛోటా నాగ్‌పూర్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో. మధ్యలో గంగా మైదానం. రెండో పట్టీ దక్షిణపు కొస ఉత్తరాంధ్ర కొండల్లో ముగుస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల సొంతూళ్ల వెనకున్న కొండలకీ దల్మాకీ చెట్టు ఒకటే. ఇంకా దక్షిణాన శేషాచలంలో సాలకు దాయాదులున్నాయి. ఒకటి జాలారి. ఇంకోటి షోరియా టుంబుగ్గాయా, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఎక్కడా పెరగదు. దానికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1780లలో మన సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించిన వైద్యుడు. షోరియా అన్నది గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద వచ్చింది. కోట్ల ఏళ్ల చెట్టుకు అయిదేళ్ల అధికారి పేరు!

జంషెడ్‌పూర్ ఉన్న సింగ్‌భూమ్ ప్రాంతపు ఆదివాసులకు ఈ చెట్టు చరిత్ర పుప్పొడి చెప్పేదాకా ఆగలేదు. సాల పూత రాగానే ముండాలు, ఒరావ్‌లు సర్హుల్, హోలు, సంతాలులు బాహా పండగ చేస్తారు. ఆకులతో విస్తళ్లు కుడతారు, గింజ ఏరి నూనెకు అమ్ముతారు. 1970లలో అటవీ సంస్థ సాల అడవిని నరికి టేకు నాటడం మొదలుపెడితే 1978లో అక్కడ పెద్ద ఉద్యమం లేచింది, టేకు మొక్కలు పీకేశారు. టేకుకు మంచి ధర ఉన్నమాట నిజమే. కానీ టేకు వేళ్లకు శిలీంధ్రాలతో ఉన్నది మరో రకం పొత్తు. ఆ శిలీంధ్రాలు వేరు కణాల్లోకే చొరబడి బతుకుతాయి, తినడానికి పనికొచ్చే ఉండ కట్టవు. సాల పోయి టేకు వచ్చిన చోట వానలు ఎంత పడినా నేల తవ్వితే రుగ్డా దొరకదు.