ద్రాక్షపురుగు ఇంటిపేరు



మేడ్చలు, శామీరుపేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుగొన్నవి. అనాబ్-ఏ-షాహీ యను ద్రాక్షను 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదునకు తెచ్చెనని ప్రతీతి. పిమ్మట గింజలేని థాంసన్ రకము వ్యాపించెను. నేడు ఆ పందిళ్లలో పెక్కు ఇండ్లస్థలములైనవి. మిగిలిన తోటలకు కీడుచేయు ఒక చిన్న పెంకుపురుగును గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. నేను బడిపంతులపని చేసి విరమించినవాడను, చదివినది తర్కవ్యాకరణములు. పురుగులతో నీకేమి పనియని మీరడుగవచ్చును. ఒక వస్తువును తక్కినవానినుండి వేరుపరచి గుర్తించుట తర్కమునకు మొదటి పని; రైతునకును అదియే మొదటి పని.

తీగను కత్తిరించిన పిమ్మట కన్నులు ఉబ్బి చిగురించు దినములలో ఈ పురుగు కనబడును. పొడవు సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు, అనగా మినపగింజంత. ఎఱుపు కలసిన గోధుమవన్నెతో కంచువలె మెఱయును. వీపుమీద ఆరు నల్లని మచ్చలుండును. చిగురించుచున్న కంటిని ఇది కొఱికి తినును. కన్ను పోయినచో చిగురు లేదు; చిగురు లేనిచో గుత్తి లేదు. ఒక్క వారము ఏమరినవాడు ఆ యేటి పంటలో కొంత పోగొట్టుకొనును.

దీనిని గుర్తించుట యెట్లు? తర్కము చదువు బాలురకు గోవును ఉదాహరణముగా చూపుదురు. కొమ్ములు గలది గోవు అన్నచో ఎనుములకును అది వర్తించును; అది అతివ్యాప్తి. కపిలవర్ణము గలది గోవు అన్నచో తెల్లయావు విడిపోవును, అది అవ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవు అన్నచో ఏ యావునకును పొసగదు, అది అసంభవము. గంగడోలు గలది గోవు అన్నప్పుడే లక్షణము సరిపడును.

ఈ పురుగు విషయమున లోకము ఆ మూడు దోషములను చేయుచున్నది. ఆకు తినునది యన్నచో గొంగళిపురుగును కలియును. ఆరు మచ్చలు గలది యన్నచో మచ్చలు మాసిన పురుగు తప్పించుకొనును. ఇక ఆంగ్లమున దీనిని ఫ్లీ బీటిల్, అనగా గెంతెడు పెంకుపురుగు, అందురు. నిజముగా గెంతెడు పెంకుపురుగులకు వెనుకతొడలు లావుగా ఉబ్బియుండును. దీని తొడలు అట్టివి కావు; ఇది గెంతదు. పేరు లోకవాడుక యయ్యును లక్షణము అసంభవము.

అందుచేత భూతద్దముతో క్రమముగా చూడవలెను. మొదట, ముందురెక్కలు గట్టిపడి వీపునడుమ నిలువుగీతగా కలిసినచో అది పెంకుపురుగు. రెండవది, పాదములు. దీని పాదమున నాలుగు కణుపులు కనబడును, నిజమునకు ఐదు. నాలుగవది మిక్కిలి చిన్నదై మూడవదాని తమ్మెలనడుమ దాగియుండును. ఇది ఆకుపురుగుల కుటుంబపు గుఱుతు. మూడవది, మీసములు. గెంతెడు పురుగులకు మీసముల మొదళ్లు దగ్గఱగా నుండును. దీనికి ఎడముగా నుండును. ఇట్లు పెద్ద కుటుంబమునుండి చిన్న శాఖకు దిగవలెను.

మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. స్వీడను దేశీయుడు లిన్నేయసు 1758లో జంతువులన్నిటికిని ఇట్టి రెండుమాటల పేర్లే పెట్టెను. ఆకుపురుగుల కుటుంబమును 1802లో ఫ్రాన్సు పండితుడు లాత్రెయ్ యేర్పఱచెను. అందు నేటికి తేలిన జాతులు 30,000కు మించినవి. మన పురుగు ఇంటిపేరు స్కెలొడోంటా. దానిని 1838లో ఆంగ్లేయుడు వెస్ట్‌వుడ్ పెట్టెను. గ్రీకుభాషలో ‘కాలిపన్ను గలది’ అని యర్థము. సొంతపేరు స్ట్రిజికోల్లిస్, 1866లో రష్యాదేశీయుడు మోచుల్‌స్కీ పెట్టినది. ‘మెడమీద గీతలు గలది’ అని యర్థము. ఆ రెండుమాటలలోను రంగు లేదు, మచ్చ లేదు, అవయవలక్షణమే కలదు. హిందూదేశపు ఆకుపురుగులను గూర్చి 1908లో లండనున వెలువడిన గ్రంథమును రచించిన మార్టిన్ జాకొబీ వృత్తిచే ఫిడేలు విద్వాంసుడు. ఓపికగా చూచువానికి ఈ శాస్త్రము తలుపు మూయలేదు.

గుర్తింపువలన లాభమేమి? ఇదే తోటలో పిండినల్లిని తిని బ్రదుకు మిత్రపురుగొకటి యుండవచ్చును. దాని పేరు క్రిప్టోలీమసు. 1898లో ఆస్ట్రేలియానుండి మనదేశమునకు తేబడినది. అదియు ఇంచుమించు ఇంతే పరిమాణము. కాని దాని ఒడలు నల్లన, తల యెఱ్ఱన, మీసములు పొట్టివి, పాదమున మూడే కణుపులు కనబడును. అది అక్షింతలపురుగుల కుటుంబమునకు చెందినది. రెంటిని ఒకటిగా నెంచి మందు చల్లినవాడు తన కావలివానిని తానే చంపుకొన్నవాడగును. పిమ్మట పిండినల్లి ప్రబలును.

స్కెలొడోంటా వదులైన బెరడుక్రింద గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు నేలలో దిగి వేళ్లను తిని, అక్కడనే కోశదశను గడపి, 7, 8 వారములలో పెంకుపురుగులై పైకి వచ్చును. కావున కత్తిరింపు కాగానే వదులుబెరడు ఒలిచి కాల్చవలెను. మొదళ్లచుట్టు మన్ను త్రవ్వి యెండ తగులనీయవలెను. తీగ కదలినచో ఈ పురుగు చచ్చినట్లు నటించి క్రింద రాలును. గెంతునదని భ్రమించినవాడు ఈ యుపాయమును తలపడు. తెల్లవారుజామున కిరసనాయిలు కలిపిన నీటిపళ్లెరమును క్రింద పట్టి తీగలను విదిలించినచో, అవి తమంతట వచ్చి పడును.

గ్రామపెద్దలారా! మీ యూర పురుగుమందు కొనబోవువానిని ఒక్కమాట అడుగుడు: ఆ పురుగును పట్టి, భూతద్దముక్రింద మీసములను, పాదములను చూచితివా యని. చూడనివానిని ముందు తోటకు పంపుడు. అంగడికి పిమ్మట పోవచ్చును. సెలవు.