మొటిమలకు లైటు వైద్యం, మందును మోసే ప్రోటీన్

ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే మొటిమల గొడవ తప్పదు. ఇక్కడ జర్మనీలో చర్మ డాక్టరు టెర్మిన్ దొరకడమే కష్టం. దొరికాక కొన్నిచోట్ల 'లైటు ట్రీట్‌మెంట్ ఉంది, ఖర్చు మీదే' అంటారు. అదేమిటో తెలుసుకుని ఒప్పుకోవడం మంచిది కదా.

దీని పుట్టిల్లు మ్యూనిక్. 1900లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, అక్రిడిన్ రంగు కలిపిన నీటిలోని పారమీసియాలు వెలుతురు తగిలితే త్వరగా చచ్చిపోతున్నాయని ప్రచురించాడు. రంగు కాంతిని పీల్చుకుని, పక్కనున్న ఆక్సిజన్‌ను కణాలను చంపే రూపంలోకి మారుస్తుంది. మొటిమల వైద్యంలో ముందుగా ఎ.ఎల్.ఎ. అనే మందు రాస్తారు. చర్మ కణాలు, ముఖ్యంగా నూనె గ్రంథులు, దాన్ని పోర్ఫిరిన్‌గా మార్చుకుంటాయి. తర్వాత ఎర్ర లైటు పెడతారు.

చిక్కేమిటంటే, మందు మొటిమ దగ్గరే ఆగదు. 1912లో మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టరు 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ తనకే ఎక్కించుకుని, ఎండ తగిలేసరికి మొహమంతా వాచిపోయి నెలల తరబడి అవస్థ పడ్డాడు. పూత మందుతో అంత ప్రమాదం లేదు గానీ మంట, ఎరుపు, ఒకటి రెండు రోజులు ఎండకు దూరం మామూలే.

ప్రోటీన్ అవసరం ఇక్కడే. ఇలాంటి చాలా మందులు నీళ్లలో కరగవు, ఉండకడతాయి. ఉండకడితే సరిగా పనిచేయవు. మన రక్తంలోని ఆల్బుమిన్ వాటిని తన సందుల్లో ఇముడ్చుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ కూడా నీలి కాంతికి స్పందించి, ఆల్బుమిన్‌కు అంటుకునేదే. (అలాగని పసుపు రాసుకుని ఎండలో నిలబడమని కాదు!) సుమారు 600 నానోమీటర్ల రేణువులను చర్మంపై మర్దన చేస్తే వెంట్రుకల కుదుళ్లలోకి లోతుగా దిగుతాయని బెర్లిన్ షారిటే ఆసుపత్రి పరిశోధకులు చూపించారు. మొటిమ పుట్టేది ఆ కుదుళ్లలోనే. ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమును జతచేసి, లోపలికి వెళ్లాకే సరుకు విడిపోయేలా కూడా చేశారు. అది పంది చెవి చర్మంపై, 2012లో.

మొటిమల క్లినిక్‌లో వాడేది మాత్రం ఇంకా మామూలు పూత మందే. 'నానో' అన్న మాటకు అదనపు డబ్బు అడిగితే నేనైతే ఇవ్వను. ఇంకొకటి, మన చాయ చర్మంలో మంట తగ్గినా నల్ల మచ్చ నెలలపాటు మిగలవచ్చు. ఏ మందు, ఏ రంగు లైటు అనే ప్రశ్నలతో పాటు, గోధుమ రంగు చర్మానికి ఎంతమందికి చేశారో కూడా డాక్టరును అడగండి.